మంచినీటి వడపోత రాళ్లు ఉప్పునీటి తొట్టికి పనికివచ్చునా?

మన సంఘ సభ్యులలో కొందరు సేద్యముతో పాటు పెరటి పాకలో గాజు తొట్లు నెలకొల్పి రంగుచేపలను పెంచి అమ్ముచున్నారు. గప్పీలు, మోలీలు, గోల్డుఫిష్‌లు మొదలగు మంచినీటి చేపలతో ఆరంభించినవారికి, కొంత చేయి తిరిగిన పిమ్మట, సముద్రపు చేపలమీదికి మనసు పోవుట సహజము. నారింజ వన్నెమీద తెల్లని పట్టెలు గల క్లౌన్ చేప వెల గప్పీ వెలకు ఎన్నో రెట్లు. తీరగ్రామములవారికి సముద్రపు నీరును చేరువనే యున్నది. కావున గడచిన కొన్ని మాసములలో ఒకే ప్రశ్న మాకు పలుమారు వచ్చినది.

"మా మంచినీటి తొట్టి రెండేండ్లుగా చక్కగా నడచుచున్నది. దాని ఫిల్టరులో స్పాంజి, పింగాణీ ఉంగరములు, గులకరాళ్లు అన్నియు బాగుగా పండియున్నవి. వానినే తీసి ఉప్పునీటి తొట్టిలో వేసికొనినచో, క్రొత్తవి కొను ఖర్చును, నెలదినములు కాచుకొను బాధయు తప్పును గదా?" అని ఆ ప్రశ్న.

దీనికి మా సమాధానము ముందుగనే చెప్పివేయుదుము. రాయి పనికివచ్చును. రాతిని అంటియున్న జీవమును మాత్రము నమ్మరాదు. దానిని మెల్లమెల్లగా ఉప్పుకు అలవాటు చేసి, అది పని చేయుచున్నదని పరీక్షించి, పిమ్మటనే చేపను వదలవలెను. ఇంకను, మంచినీట వాడిన జియోలైటు సంచి వంటి కొన్ని వస్తువులను ఎంతమాత్రము ఉప్పునీటిలోనికి తేరాదు. ఇట్లేల యనునది ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మేము చేసిన పొరపాటు

ఈ సంగతిని మేము పుస్తకములవలన మాత్రమే తెలిసికొనలేదు. ప్రదర్శన నిమిత్తము మేము 200 లీటర్ల తొట్టియొకటి కట్టించి, సముద్రపు నీరు తెప్పించి నింపితిమి. అదే సాయంకాలము ప్రక్కనున్న మంచినీటి తొట్టి ఫిల్టరును విప్పి, అందలి స్పాంజిని, పింగాణీ ఉంగరములను, జియోలైటు సంచిని ఉన్నవి ఉన్నట్లు క్రొత్త తొట్టిలో అమర్చితిమి. తెల్లవారునప్పటికి నీరు అద్దమువలె తేటగా నుండెను. చూడవచ్చిన సభ్యులతో, నెలరోజుల పని ఒక్క రాత్రిలో ముగిసినదని చెప్పి, ఆరు చేపలను వదలితిమి.

రెండవనాడు చేపలు మేత ముట్టలేదు. మూడవనాడు అన్నియు నీటిమీదికి వచ్చి మొప్పలు కొట్టుకొనసాగినవి. అప్పుడు గదా మేము చుక్కల మందుతో అమ్మోనియాను పరీక్షించినది! రంగు చూడగనే మా తప్పు మాకు తెలిసినది. నీరు మార్చితిమి గాని నాలుగు చేపలు దక్కలేదు.

మా నష్టము అంతటితో తీరెను. అయితే ఆనాడు మా ప్రదర్శన చూచిపోయిన సభ్యుడొకడు, మేము కబురుచేయు లోపలనే, తన యింట అదే పద్ధతిని అనుసరించెను. పాలకేంద్రమునుండి వచ్చిన సొమ్ముతో చేపలను కొనెను. నాలుగు దినములకు మాయొద్దకు వచ్చి, "మీరు చెప్పినట్లే చేసినానండి. రాళ్లు కూడా మీవంటివే వేసినానండి. మరి ఎందుకు పోయినాయండి?" అని అడిగెను. ఆ దినమున అతనికి తృప్తికరమైన జవాబు మేము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము అతనికి ఈయవలసిన జవాబే.

వడపోత చేయు పనులు రెండు

ఫిల్టరు అనగా మడ్డిని పట్టు జల్లెడ యని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. మడ్డిని పట్టుట దాని మొదటి పని. రెండవ పని కంటికి కనబడనిది, చేప ప్రాణము ఆధారపడియున్నది.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన పిమ్మట, అందలి నత్రజనిలో అధిక భాగము అమ్మోనియాగా మొప్పలద్వారా నీటిలోనికి వచ్చును. మిగిలిపోయిన మేతయు మలమును కుళ్లి మరికొంత అమ్మోనియాను ఇచ్చును. ఏటిలోను సముద్రములోను ఇది కలిసిపోవును. తొట్టిలో పోవుటకు త్రోవ లేదు. అక్కడ ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రేటు అంతగా హాని చేయదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చినచో తగ్గిపోవును.

ఇది రైతునకు క్రొత్త సంగతి కాదు. పొలమున వేసిన పశువుల ఎరువును, యూరియాను, పైరు తీసికొనుటకు అనువైన నైట్రేటుగా మార్చునదియు ఈ జాతి జీవులే. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోయిసింగ్, ముంట్జ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఇసుకయు సుద్దయు నింపిన పొడుగాటి గొట్టముగుండ మురుగునీటిని నిదానముగా పారించిరి. ఇరువది దినములవరకు అమ్మోనియా అట్లే దిగినది. తరువాత నైట్రేటు కనబడసాగి, కొంతకాలమునకు అమ్మోనియా మాయమైనది. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరి పంపగా ఆ పని నిలిచిపోయినది. పిమ్మట ఆ ఆవిరిని తొలగించి, కొంచెము మట్టి కలిపిన నీరు పోయగా, కొన్నాళ్లకు మరల పని సాగినది. కావున ఇది ఇసుక చేయు పని కాదనియు, ఇసుకపై కాపురమున్న జీవులు చేయు పనియనియు రుజువైనది. 1890లో వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ జీవులను వేరుచేసి పెంచి చూపెను.

ఈ ప్రయోగమున మన ప్రశ్నకు కావలసిన సంగతులు మూడును కలవు. జీవులు కుదురుకొనుటకు గడువు కావలెను. విషము తగిలినచో పని నిలిచిపోవును. విత్తనము వేసినను మరల పుంజుకొనుటకు కొన్ని దినములు పట్టును. పండిన రాయి యనగా ఈ జీవులు జిగటపొరవలె కప్పుకొనియున్న రాయి యని యర్థము. మనము ఒక తొట్టినుండి మరియొక తొట్టికి మార్చదలచినది రాతిని గాదు, ఆ పొరను.

ఉప్పునీరు ఏమి మార్చును

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించిన మరునాడు జాడీలో ఊట ఊరుట ఇల్లాండ్రందరు ఎరిగినదే. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగును. మంచినీట పెరిగిన సూక్ష్మజీవిని ఒక్కసారిగా సముద్రపు నీట ముంచినను అట్లే జరుగును. దాని శరీరములోని నీరు బయటికి పోయి అది ముడుచుకొనును. వానిలో కొన్ని చచ్చును. కొన్ని చావక పని మానుకొనును. మరికొన్ని చాల దినములకు తేరుకొనును. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. రొయ్యల రైతుల భాషలో ఇది 35 పీపీటీ. మంచినీటి తొట్టిలో ఇది ఒక గ్రామునకు లోపుగనే యుండును. ఈ వ్యత్యాసమును ఒక్క గంటలో దాటుమనుట ఏ జీవికైనను కఠినమే.

పండుగప్ప చేప మంచినీటను ఉప్పునీటను గూడ బ్రదుకును. అయినను దాని పిల్లలను ఒక నీటినుండి మరియొక నీటికి మార్చునపుడు మన రైతులు దినదినము కొంచెము కొంచెముగా అలవాటు చేయుదురు గదా. చేపకు చూపు ఆ దయను రాతిమీది జీవికిని చూపవలెను.

ఇంకొక సంగతి కలదు. అన్ని నీళ్లలోను ఒకే కుటుంబపు జీవులు ఈ పని చేయుట లేదు. 2005లో అమెరికాలోని సియాటిల్ నగరపు అక్వేరియములో, ఉష్ణదేశపు సముద్రపు చేపల తొట్టి రాళ్లనుండి, అమ్మోనియాను మార్చునట్టి జీవియొకటి వేరుచేయబడినది. అది బాక్టీరియా కాదు. ఆర్కియా యను వేరొక వర్గమునకు చెందినది. సముద్రముల యందు ఈ వర్గపు జీవులు విస్తారముగా నున్నవని తరువాతి పరిశోధనలవలన తెలిసినది. అనగా మంచినీటి రాతిమీది పొర ఉప్పునీట తేరుకొనినను, అచ్చటి పని కొంతవరకు క్రొత్త కాపురస్థులు వచ్చి చేయవలసియుండును. వరి మడిలో జొన్న విత్తినట్లు కాక, నేలకు తగిన పైరు నిలుచుటకు గడువు ఈయవలెను.

ఇదిగాక, పొర చచ్చినచో అది ఊరక యుండదు. మంచినీటి స్పాంజిలో సూక్ష్మజీవులే గాక, చిన్న పురుగులు, నత్తగుడ్లు, నాచు మొదలగునవి నిండియుండును. ఉప్పు తగిలి అవి చచ్చి కుళ్లినచో, అమ్మోనియాను తీసివేయవలసిన ఫిల్టరే అమ్మోనియాను పుట్టించును.

పైగా ఉప్పునీట అమ్మోనియా మరింత చెరుపు చేయును. అమ్మోనియా నీటిలో రెండు రూపముల నుండును. అందొకటి మిక్కిలి విషము. పీహెచ్ 7 ఉన్న మంచినీట, మన ఎండకాలపు వెచ్చదనమున, ఆ విషరూపము నూటికి ఒక పాలుకంటె తక్కువ. సముద్రపు నీటి పీహెచ్ 8.1 మొదలు 8.3 వరకు నుండును. అచ్చట అది అంతకు పలురెట్లు హెచ్చుగా నుండును. కావున మంచినీటి తొట్టిలో చేపను ఏమియు చేయని అమ్మోనియా మొత్తమే ఉప్పునీటి తొట్టిలో చంపగలదు. నైట్రైటు విషయమున మాత్రము ఉప్పునీరు కొంత మేలు. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పలలోనికి సులువుగా పోనీయదు. మంచినీటి చెరువులలో చేపల రక్తము గోధుమరంగునకు తిరిగినపుడు ఉప్పు చల్లుట ఇందువలననే. అయినను నైట్రైటు నిలిచియున్నదనిన ఫిల్టరు ఇంకను పండలేదని గుర్తు.

ఏ వస్తువును తేవచ్చును, దేనిని తేరాదు

గులకరాళ్లు, పింగాణీ ఉంగరములు, ప్లాస్టిక్ బంతులు, స్పాంజి: ఇవి ఉప్పునకు చెడవు. వస్తువుగా నిక్షేపముగా వాడవచ్చును. అయితే స్పాంజిలోని మడ్డిని పాత తొట్టినీటితోనే పిండి శుభ్రపరచవలెను. క్లోరిన్ కలిసిన కుళాయినీట కడిగినచో ఉన్న జీవులును పోవును.

గుల్ల పెంకులు, ఆల్చిప్పల ముక్కలు: ఇవి ఉప్పునీటికి మంచి సామగ్రి. మెల్లగా కరగి నీటిలోని క్షారమును నిలుపుటకు తోడ్పడును. అమ్మోనియా రూపమున నున్న ఒక గ్రాము నత్రజనిని నైట్రేటుగా మార్చుటలో, సున్నపురాతి లెక్కన సుమారు 7 గ్రాముల క్షారము ఖర్చగును. కావున ఈ తోడ్పాటు చిన్నది కాదు. పగడపు రాళ్లును ఇట్టివే గాని, వానిని సముద్రమునుండి ఏరి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. మన తీరమున గుల్లకు కొదువ లేదు గాన ఆ జోలికి పోనవసరము లేదు.

బొగ్గు: ఉత్తేజితము చేసిన బొగ్గు రెండు నీళ్లలోను రంగును, వాసనను, మందు శేషములను పట్టును. అయితే వాడిన బొగ్గును మార్చక క్రొత్తది వేసికొనుట మేలు.

జియోలైటు: మా పొరపాటునకు ముఖ్యకారణము ఇదియే. మంచినీట జియోలైటు అమ్మోనియాను తనలోనికి లాగికొని, బదులుగా సోడియమును విడుచును. లీటరు సముద్రపు నీటిలో సుమారు 11 గ్రాముల సోడియము కలదు. అంత సోడియము నడుమ ఆ బేరము తలక్రిందులగును. జియోలైటు సోడియమును పట్టుకొని, దాచియున్న అమ్మోనియాను నీటిలోనికి విడిచివేయును. నిండిపోయిన జియోలైటును మరల వాడుకకు తెచ్చుటకు ఉప్పునీట నానవేయుదురన్న సంగతి తెలిసియు, మేము మా చేపల తొట్టిలోనే దానిని నానవేసితిమి! రెండేండ్లపాటు అది కూడబెట్టినదంతయు ఒక్క రాత్రిలో బయటపడినది. తీరమున రొయ్యల చెరువులలో అమ్మోనియా తగ్గునని జియోలైటు చల్లు సభ్యులును ఈ సంగతిని గమనింపవలెను. ఉప్పు హెచ్చుగా నున్న చెరువులో ఆ పనికి దానివలన కలుగు మేలు అత్యల్పము.

కొయ్య దుంగలు, బాదమాకులు: గప్పీలకు, ఫైటరు చేపలకు మంచివని వీనిని వేయుదురు. ఇవి నీటికి వగరునిచ్చి పీహెచ్‌ను దించును. సముద్రపు చేపలకు ఇవి తగవు.

ఇనుప వస్తువులు: ఫిల్టరులోని ఇనుప మరలు, తీగలు ఉప్పునకు తుప్పుపట్టును. ప్లాస్టిక్ వానినే వాడవలెను.

మైలతుత్తము తగిలిన రాళ్లు: చేపలకు మచ్చతెగులు వచ్చినపుడు కొందరు మైలతుత్తము వాడుదురు. అందలి రాగిని గుల్ల పెంకులు, సున్నపురాళ్లు పట్టుకొని, తరువాత కొంచెము కొంచెముగా విడుచును. రొయ్యలు, నత్తలు, సముద్రపు పువ్వులు మిక్కిలి స్వల్పమైన రాగికే చచ్చును. అట్టి మందు వాడిన తొట్టి రాళ్లను ఎంత కడిగినను ఉప్పునీటి తొట్టికి తేరాదు.

అలవాటు చేయు పద్ధతి

చేపలు లేని వేరొక ప్లాస్టిక్ డ్రమ్ములో ఈ పని చేయవలెను. 100 లీటర్ల డ్రమ్మునకు లెక్క చెప్పుచున్నాము.

మొదట పాత తొట్టినీటినే డ్రమ్మునందు పోసి, శుభ్రము చేసిన రాళ్లను, స్పాంజిని వేసి, ఎయిరు పంపుతో గాలిని ఎడతెగక ఆడనీయవలెను. ఈ జీవులకు ఊపిరి మిక్కిలి అవసరము. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చుటకు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు పట్టును. అందును ఉప్పునీట ప్రాణవాయువు తక్కువగా కరగును. 28 డిగ్రీల వెచ్చదనమున మంచినీటిలో లీటరునకు సుమారు 7.8 మిల్లీగ్రాములు కరగిన, సముద్రపు నీట సుమారు 6.4 మాత్రమే కరగును. కావున కరెంటు పోవు గ్రామములలో బ్యాటరీ పంపు సిద్ధముగా నుంచుకొనవలెను.

చేపలు లేవు గాన జీవులకు ఆహారము మనమే వేయవలెను. ముప్పాతిక గ్రాము అమ్మోనియం క్లోరైడును కరగించి పోసినచో, 100 లీటర్లకు నత్రజని లెక్కన లీటరునకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా అగును. మరునాడు అదే వేళకు పరీక్షింపవలెను. అమ్మోనియాయు నైట్రైటును రెండును లేకపోయినచో మంచినీట ఫిల్టరు బలముగానున్నదని తెలియును. మంచినీటనే ఈ పరీక్ష నెగ్గని రాళ్లను ఉప్పునకు తెచ్చి ప్రయోజనము లేదు.

పిమ్మట రెండు దినములకొక పర్యాయము ఉప్పును రెండు, మూడు పీపీటీల చొప్పున పెంచవలెను. మొదటిసారి డ్రమ్మునుండి 8 లీటర్లు తీసివేసి, 8 లీటర్ల సముద్రపు నీరు పోసినచో సుమారు 2.8 పీపీటీ అగును. ఉప్పు హెచ్చుకొలది అంతే పెరుగుదలకు హెచ్చు నీరు మార్చవలసియుండును. 20 పీపీటీ చేరిన పిమ్మట 17 లీటర్లు మార్చినగాని రెండున్నర పెరగదు. 30 దాటిన తరువాత నీటినంతయు తీసి సముద్రపు నీరు నింపవచ్చును. ఉప్పును రిఫ్రాక్టోమీటరుతో చూచుకొనవలెను. నాలుకతో చూచుట కొలత కాదు.

ప్రతిదినము అమ్మోనియా వేసి, మరునాడు పరీక్షించి, ఫలితమును కాగితముమీద వ్రాసికొనవలెను. ఒకనాడు అమ్మోనియా గాని నైట్రైటు గాని మిగిలియున్నచో, ఆ మెట్టుననే ఆగి, కొత్త ఉప్పునీరు పోయక, అది పోవువరకు కాచుకొనవలెను. మెట్లు ఎక్కునపుడు తొందరపడినవాడే మరల మొదటికి రావలసివచ్చును. సాధారణముగా ఈ పనికి మూడు, నాలుగు వారములు పట్టును. పూర్తి సముద్రపు నీటిలో వరుసగా మూడు దినములు రెండును శూన్యమని తేలినపుడే చేపలను తేవలెను. అప్పుడును ఒకటి, రెండు చేపలతో ఆరంభింపవలెను.

సముద్రమునకు దూరముననున్నవారు వంటయుప్పుతో సముద్రపు నీరు చేయవచ్చునా యని అడిగిరి. చేయరాదు. వంటయుప్పులో సోడియము, క్లోరైడు మాత్రమే యుండును. సముద్రపు నీటిలోని మెగ్నీషియము, కాల్షియము, క్షారము ఉండవు. రంగుచేపల దుకాణములలో దొరకు సముద్రలవణపు మిశ్రమమునే వాడవలెను.

ఇందువలన లాభమెంత

ఇచ్చట ఒక న్యాయమైన సందేహము కలుగవచ్చును. క్రొత్త రాళ్లతో ఉప్పునీటి ఫిల్టరు ఆరంభించినచో నెల మొదలు రెండు నెలలవరకు పట్టును. పాత రాళ్లను అలవాటు చేయుటకు నెలకు దగ్గరపడుచున్నది. మరి మిగులునదేమి?

కాలము కొంత మిగులవచ్చును, మిగులకపోవచ్చును. రాళ్లు కొను ఖర్చు తప్పును. ముఖ్యముగా, రేపు ఈ నీటిలో చేపను వదలవచ్చునా యను ప్రశ్నకు మన చేతి కాగితమే జవాబు చెప్పును. తొందర కలవారికి ఇంతకంటె మంచి మార్గమొకటి కలదు. తెగులు లేని సముద్రపు చేపల తొట్టి గల సభ్యుడు సమీపమున నున్నచో, అతని ఫిల్టరునుండి గుప్పెడు రాళ్లు అడిగి తెచ్చుకొనవలెను. ఉప్పునీట పండిన గుప్పెడు రాళ్లు మంచినీట పండిన గంపెడు రాళ్లకంటె త్వరగా పని అందుకొనును. పెరుగు తోడువేయుటకు గిన్నెడు మజ్జిగ అక్కరలేదు గదా. అయితే తెచ్చిన రాళ్లను తడి ఆరనీయక, కొద్ది గంటలలోనే తొట్టిలో చేర్చవలెను.

నీలకంఠ రొయ్యల పిల్లలను పెంచు సభ్యులకు ఈ పద్ధతి ఇంకను సులువు. ఈ రొయ్య పెరుగునది మంచినీటనే యైనను, దాని పిల్లలు తొలి దశలలో కొంత ఉప్పులేనిదే బ్రదుకవు. 1960వ దశకపు ఆరంభమున మలేషియాలో షావో-వెన్ లింగ్ గారు ఈ సంగతి కనుగొనిన తరువాతనే వాని హాచరీలు సాధ్యమైనవి. ఆ పిల్లలకు కావలసినది సుమారు 12 పీపీటీ మాత్రమే. కావున రాళ్లు ఎక్కవలసిన మెట్లును తక్కువ. నీరు త్రిప్పివాడు హాచరీలలో, పిల్లలు రాకమునుపే వేరొక తొట్టియందు అదే ఉప్పునీటిలో అమ్మోనియా లవణము వేసి గుల్ల పెంకులను పండించుట వాడుకలో నున్నది. అయితే ఒక్క హెచ్చరిక. పెంపకపు చెరువునుండి గాని, తెగులు తగిలిన తొట్టినుండి గాని వడపోత రాళ్లను హాచరీకి తేరాదు. తెల్లమచ్చ తెగులు వంటివి తడిరాళ్లతో, తడి వలలతో ప్రయాణము చేయగలవు. బ్లీచింగుతో శుభ్రము చేసినచో తెగులుతో పాటు మన సహాయజీవులును చచ్చును. అప్పుడది ఉత్త రాయి యని తెలిసి, మొదటినుండి పండించుకొనవలెను.

మా మనవి

తేటనీరు మంచినీరని నమ్మి మేము మోసపోతిమి. అమ్మోనియాకు రంగు లేదు. పరీక్ష చేయనిదే అది కనబడదు. ఒక రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియాకు నైట్రైటుకు పరీక్షపెట్టెలు ఒక్కొక్క సభ్యుడు కొననక్కరలేదు. సంఘము ఒక జత కొని కార్యాలయమున నుంచినచో, సభ్యులందరు వంతులవారీగా వాడుకొనవచ్చును. ఈ సంగతిని రాబోవు సమావేశమున పంచాయతుదారులు ఆలోచింపవలెనని కోరుచున్నాము.

పైన చెప్పిన సభ్యుడు మరల ప్రయత్నించుచున్నాడు. ఇది వ్రాయునాటికి అతని డ్రమ్ము 18 పీపీటీ దగ్గర ఐదు దినములుగా ఆగియున్నది; నైట్రైటు ఇంకను పోలేదు. అతడు చేపలను కొనలేదు. గోడకు అంటించిన కాగితముమీద ప్రతి సాయంకాలము అంకె వేయుచున్నాడు. ఈ పని ఆరంభింపదలచిన సభ్యులు ముందుగా అతని కాగితమును చూచి, పిమ్మట శుభ్రమైన సీసాతో తమ తొట్టినీరు మాయొద్దకు తెచ్చినచో, పరీక్షించి చెప్పుదుము.